రెజెక్స్‌లో ఒక పూర్తి మాటని మినహాయించడం ఎలా, అదీ తెలుగు మాట అయితే

ఒక పెద్ద ఫైల్ ఉంది, అందులో ఫలానా మాట ఉన్న లైన్లు తప్ప మిగతావన్నీ కావాలి. వినడానికి చాలా చిన్న పని. కానీ రెజెక్స్‌లో రాయబోతే అక్కడే చెయ్యి ఆగిపోతుంది, ఎందుకంటే రెజెక్స్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, టెక్స్ట్‌లో వెతకాల్సిన రూపాన్ని గుర్తులతో రాసే ప్యాటర్న్) అనేది ఉన్నదాన్ని పట్టుకోడానికి పుట్టింది, లేనిదాన్ని పట్టుకోడానికి కాదు. ఒక్క అక్షరం వద్దు అని చెప్పడానికి గుర్తు ఉంది గానీ ఒక మాట మొత్తం వద్దు అని చెప్పడానికి ప్రత్యేకంగా గుర్తంటూ ఏదీ లేదు, ఉన్నవాటినే అటూ ఇటూ కలిపి రాబట్టుకోవాలి. ఇంగ్లీష్ మాటలతో ఇది చాలాచోట్ల దొరుకుతుంది, తెలుగు మాట పెట్టగానే మాత్రం అవే ప్యాటర్న్లు తలకిందులైపోతాయి, అందుకే ఇక్కడ ఉదాహరణలన్నీ తెలుగులోనే తీసుకుంటున్నా.

ముందు ఈ ఆరు లైన్లు ఒక ఫైల్లో పెట్టుకోండి, ప్రతి స్టెప్పూ వీటి మీదే చూద్దాం:

పాలు 2 ప్యాకెట్లు
చక్కెర 1 కేజీ
దీపాలు 1 డజను
పెరుగు అర కేజీ
చిక్కటి పాలు 1 లీటరు
అన్నదమ్ములు పాలుపంచుకున్న ఖర్చు

మనకి కావాల్సింది ఏంటంటే "పాలు" అనే మాట ఉన్న లైన్లు పోవాలి, అంటే 1, 5 పోవాలి, మిగతా నాలుగూ ఉండాలి. దీపాలు, పాలుపంచుకున్న అనే రెండూ కావాలనే పెట్టా, వాటి సంగతి తర్వాత.

స్టెప్ 1: అసలు రెజెక్స్‌తోనే మినహాయించాలా అని చూసుకోండి

చాలామంది ఇక్కడ ఆగకుండా నేరుగా పెద్ద ప్యాటర్న్‌లోకి దూకేస్తారు. మీరు వాడే టూల్‌లో "మ్యాచ్ అయినవి తీసెయ్" అనే వసతి ఉంటే ఇక ప్యాటర్న్‌తో కుస్తీ అక్కర్లేదు, మాటని మామూలుగా వెతికి ఫలితాన్ని తిరగెయ్యడమే. ఫైళ్లలో లైన్లు వెతికే గ్రెప్ అనే కమాండ్‌లో అయితే మైనస్ వి (-v) అనే ఆప్షన్ ఇస్తే మ్యాచ్ కాని లైన్లే చూపిస్తుంది. గ్రెప్ 1973 నాటి టూల్, మనం ఇప్పుడు చెప్పుకోబోయే లుక్‌అహెడ్ (ముందుకి తొంగి చూసే గుర్తు) 1994లో పెర్ల్ భాష 5వ వెర్షన్‌తో వచ్చింది, అంటే ఇరవై ఏళ్ల పాటు జనం ఈ తిరగెయ్యడంతోనే పని నడుపుకున్నారన్నమాట. విమ్ ఎడిటర్‌లో అయితే కోలన్ తర్వాత వి కమాండ్ ఉంది. డేటాబేస్ అయితే వేర్ కండిషన్‌లో రెజెక్స్ ముందు నాట్ పెట్టండి, పోస్ట్‌గ్రెస్‌లో దానికోసం !~ అనే గుర్తే ఉంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైండ్ బాక్స్‌లో మార్క్ అనే ట్యాబ్‌కి వెళ్లి, బుక్‌మార్క్ లైన్ టిక్ పెట్టి, మాటని వెతికి మార్క్ చేసి, తర్వాత సెర్చ్ మెనూలో బుక్‌మార్క్ కిందకి వెళ్లి బుక్‌మార్క్ పెట్టిన లైన్లు తీసెయ్యమంటే అయిపోతుంది.

కోడ్ రాస్తున్నా అంతే. మ్యాచ్ అయితే వదిలెయ్, కాకపోతే ఉంచు అని ఒక ఇఫ్ రాయండి. ఒకే లైన్ ప్యాటర్న్‌లో ఇరికిస్తే గొప్పగా కనిపిస్తుందేమో గానీ ఆరు నెలల తర్వాత దాన్ని చదివేది మీరే.

మరి ప్యాటర్న్‌లోనే మినహాయింపు ఎప్పుడు కావాలి అంటే, మీకు దొరికింది ఒకే ఒక్క బాక్స్ అయినప్పుడు. ఏదో సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో "ఇక్కడ రెజెక్స్ ఇవ్వండి" అని ఒక పెట్టె ఇస్తారు, తిరగేసే బటన్ ఉండదు. లేదా ఫైండ్ అండ్ రీప్లేస్ చెయ్యాలి. లేదా రెండు మాటల మధ్య ఉన్న భాగంలో ఫలానా మాట రాకూడదు. ఈ మూడింటికీ కింద చెప్పేది పనికొస్తుంది.

స్టెప్ 2: చదరపు బ్రాకెట్లలో మాట పెట్టకండి

దాదాపు అందరికీ మొదట తట్టేది ఇదే:

^[^పాలు]*$

చదరపు బ్రాకెట్ల లోపల క్యారెట్ గుర్తు అంటే "ఇవి కాకుండా" అని కదా, మరి మాట పెడితే ఆ మాట కాకుండా అని అర్థం అవ్వాలిగా అనుకుంటాం. అవ్వదు. బ్రాకెట్లలో ఉన్నది ఒక అక్షరాల సంచి మాత్రమే, వరుస దానికి పట్టదు. పైగా కంప్యూటర్ దృష్టిలో "పాలు" అంటే రెండక్షరాలు కాదు, ప, దీర్ఘం, ల, కొమ్ము అని నాలుగు విడి విడి గుర్తులు. ఆ నాలుగింట్లో ఏ ఒక్కటి ఉన్నా లైన్ పోతుంది. పెరుగులో ప ఉంది, కొమ్ములు ఉన్నాయి, అదీ పోయింది. మన ఆరు లైన్లలో చివరికి మిగిలేది చక్కెర ఒక్కటే. ఏ తెలుగు వాక్యంలో అయినా కొమ్ము, దీర్ఘం లేకుండా ఉండటం ఎంత అరుదో మీకు తెలుసుగా, అందుకే ఈ పొరపాటు తెలుగులో ఇంకా ఘోరంగా బయటపడుతుంది.

స్టెప్ 3: నెగటివ్ లుక్‌అహెడ్, దానికి క్యారెట్ కాపలా

అసలు పనిముట్టు ఇది:

(?!పాలు)

ఇంజిన్ (రెజెక్స్‌ని నడిపే ప్రోగ్రామ్) ఇక్కడికి వచ్చినప్పుడు ముందుకి తొంగి చూస్తుంది, ఎదురుగా "పాలు" ఉంటే ఇక్కడ కుదరదు అంటుంది, లేకపోతే సరే అని ఉన్నచోటే ఉండి మిగతా ప్యాటర్న్ కొనసాగిస్తుంది. ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాల్సింది, ఇది ఏ అక్షరాన్నీ తినదు, చూసి ఊరుకుంటుంది అంతే.

సరే అని (?!పాలు).* అని రాసి నడిపి చూడండి. మొదటి లైన్ కూడా మ్యాచ్ అవుతుంది! ఏం జరిగిందంటే, మొదటి స్థానంలో పాలు కనబడింది, కుదరదు అంది, కానీ ఇంజిన్ అక్కడితో ఆగదు కదా, ఒక గుర్తు పక్కకి జరిగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇప్పుడు ఎదురుగా ఉన్నది ప లేని "ాలు" మాత్రమే, అది పాలు కాదు, సో ఓకే అనేసి అక్కడ్నించి లైన్ చివరిదాకా పట్టుకుంటుంది. తల తెగిన దీర్ఘంతో మొదలయ్యే మ్యాచ్ కనబడితే కారణం ఇదే.

అందుకే క్యారెట్‌తో (బ్రాకెట్ల బయట ^ అంటే లైన్ మొదలు, $ అంటే లైన్ చివర) లైన్ మొదట్లోనే కట్టెయ్యాలి, దాంతో పాటు లైన్‌లో ఎక్కడున్నా పట్టుకునేలా లుక్‌అహెడ్ లోపల చుక్క, నక్షత్రం (ఏ గుర్తయినా, ఎన్నయినా అని) పెట్టాలి:

^(?!.*పాలు).*$

లైన్ మొదట్లో నిలబడి "ఇక్కడ్నుంచి చివరిదాకా ఎక్కడైనా పాలు ఉందా" అని ఒకేసారి చూస్తుంది, లేకపోతేనే మొత్తం లైన్‌ని తీసుకుంటుంది. లోపలి .* మర్చిపోతే లైన్ పాలుతో మొదలైతేనే ఆపుతుంది, చిక్కటి పాలు దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. క్యారెట్ మర్చిపోతే పైన చెప్పిన జరుగుడు మళ్లీ మొదలు, పైగా పెద్ద లాగ్ ఫైల్ మీద ప్రతి స్థానం నుంచీ చివరిదాకా వెతుక్కుంటూ పోయి నెమ్మదిస్తుంది కూడా.

పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో మొత్తం ఫైల్‌ని ఒకే స్ట్రింగ్‌గా ఇస్తుంటే మల్టీలైన్ ఫ్లాగ్ పెట్టండి, లేకపోతే క్యారెట్ అంటే ఫైల్ మొదలు అనుకుంటుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో చుక్క కొత్త లైన్‌ని కూడా పట్టే టిక్ ఒకటి ఉంటుంది, అది తీసి ఉంచండి, లేదంటే కింద ఎక్కడో ఉన్న పాలు వల్ల పై లైన్లన్నీ పోతాయి. ఖాళీ లైన్లు కూడా మ్యాచ్ అవుతుంటే చివరి .* బదులు .+ పెట్టండి.

స్టెప్ 4: పూర్తి మాట మాత్రమే, ఇక్కడే తెలుగుకి తేడా కొడుతుంది

పై ప్యాటర్న్ పాల లైన్లు రెండూ తీసేసింది, బానే ఉంది, కానీ దీపాలు కూడా తీసేసింది. దీపాలు, లోపాలు, రూపాలు, పాపాలు, అన్నింటి తోకలోనూ "పాలు" ఉంది మరి. పాలుపంచుకున్న ఖర్చూ పోయింది. మనకి కావాల్సింది పాలు విడిగా, పూర్తి మాటగా ఉన్నప్పుడు మాత్రమే ఆపడం.

ఎవర్నడిగినా చెప్పేది బ్యాక్‌స్లాష్ బి (\b). మాటకి అటూ ఇటూ అది పెడితే మాట సరిహద్దు అని అర్థం. ఇంగ్లీష్‌కి పర్ఫెక్ట్. తెలుగుకి పెట్టి పైథాన్‌లో మామూలు రీ మాడ్యూల్‌తో నడపండి, ఫలితం చూసి నవ్వొస్తుంది: పోవాల్సిన 1, 5 లైన్లు అలాగే ఉంటాయి, ఉండాల్సిన ఆరో లైన్ పోతుంది. కావాలని చేసినా అంత కరెక్ట్‌గా రివర్స్ రాదు.

దీనికి కారణం ఉంది. బ్యాక్‌స్లాష్ బి అంటే ఒకవైపు మాట అక్షరం, ఇంకోవైపు మాట అక్షరం కానిది ఉన్న చోటు. పైథాన్ రీ లెక్కలో ప, ల లాంటి హల్లులు, అచ్చులు మాట అక్షరాలే, కానీ దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు ఇవన్నీ యూనికోడ్‌లో (అన్ని భాషల గుర్తులకీ నంబర్లిచ్చే ప్రమాణం) మార్క్ అనే వేరే వర్గం, వాటిని మాట అక్షరాలుగా లెక్కెయ్యదు. ఇప్పుడు "పాలు" చివర ఉన్నది కొమ్ము, దాని తర్వాత స్పేస్, రెండూ మాట అక్షరాలు కావు, అంటే అక్కడ సరిహద్దు లేదు, సో మ్యాచ్ లేదు. అదే పాలుపంచుకున్న అనేదాంట్లో కొమ్ము తర్వాత ప ఉంది, ఒకటి కాదు ఇంకోటి అవును, అంటే సరిహద్దు దొరికేసింది! మాట మధ్యలో సరిహద్దు, మాట చివర్లో లేదు.

జావాస్క్రిప్ట్ ఇంకో రకం. దానికి మాట అక్షరాలంటే ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, అంతే. తెలుగు అక్షరం ఒక్కటీ లెక్కలో లేదు, యూనికోడ్ ఫ్లాగ్ పెట్టినా ఇందులో మార్పు ఉండదు. అక్కడ బ్యాక్‌స్లాష్ బి తో పాలు అసలు దొరకదు, ఆరు లైన్లూ అలాగే ఉంటాయి. పెర్ల్ మాత్రం మార్కులని కూడా మాటలో భాగంగానే చూస్తుంది. పైథాన్‌లో కూడా రీ బదులు రెజెక్స్ అనే పేరుతోనే ఉన్న వేరే మాడ్యూల్ పిప్‌తో వేసుకుంటే సరిగ్గా వస్తుంది.

ఏ టూల్‌లో ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడం కన్నా సరిహద్దుని మనమే రాసుకుంటే గొడవ లేదు. మాటకి ముందు తెలుగు గుర్తు ఉండకూడదు, మాట తర్వాత కూడా తెలుగు గుర్తు ఉండకూడదు:

(?<![ఁ-౯])పాలు(?![ఁ-౯])

బ్రాకెట్లలో ఉన్నది అరసున్న నుంచి తెలుగు అంకె తొమ్మిది దాకా, యూనికోడ్ వరుసలో. అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు అన్నీ ఈ మధ్యలోనే వస్తాయి. అ నుంచి మొదలుపెడితే చాలదా అంటే చాలదు, అరసున్న, సున్న, విసర్గ మూడూ అ కన్నా ముందే ఉన్నాయి. ఒంటరి అరసున్న టైప్ చెయ్యడం కష్టం అనిపిస్తే పైనుంచి కాపీ చేసుకోండి, కోడ్‌లో అయితే బ్యాక్‌స్లాష్ యు పెట్టి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు అని రాసుకోవచ్చు, సి, ఎఫ్ ఇంగ్లీష్ అక్షరాలుగా. తెలుగుకి యూనికోడ్ ఇచ్చిన బ్లాక్ మొత్తం అదే, 128 గడులు.

ఇప్పుడు దీన్ని స్టెప్ 3 లోపల కూర్చోబెట్టండి:

^(?!.*(?<![ఁ-౯])పాలు(?![ఁ-౯])).*$

1, 5 పోయాయి, 2, 3, 4, 6 ఉన్నాయి. ఇదీ కావాల్సింది.

ఇందులో (?<! అనేది లుక్‌బిహైండ్, వెనక్కి చూసేది. జావాస్క్రిప్ట్‌కి ఇది 2018 ప్రమాణంతో వచ్చింది గానీ సఫారీలోకి 16.4 వెర్షన్‌తో, అంటే 2023లో వచ్చింది, పాత ఐఫోన్లలో మీ పేజీ స్క్రిప్ట్ మొత్తం ఎర్రర్ కొట్టి ఆగిపోవచ్చు. అలాంటి చోట వెనక్కి చూడకుండానే ఇలా రాయొచ్చు:

^(?!(?:.*[^ఁ-౯])?పాలు(?![ఁ-౯])).*$

అంటే పాలు లైన్ మొదట్లోనే ఉండాలి, లేదా దాని ముందు తెలుగు కాని గుర్తు ఒకటి ఉండాలి. ఫలితం అదే, కాకపోతే మొత్తం ఫైల్‌ని ఒకే స్ట్రింగ్‌గా ఇస్తుంటే ఆ [^ఁ-౯] లో చివర \n (కొత్త లైన్ గుర్తు) కూడా చేర్చండి, లేకపోతే కింది లైన్ పాలుతో మొదలైతే పై లైన్ కూడా పోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది, కంటికి కనబడదు. "ఆఫీస్‌లో", "బస్‌కి" లాంటివి టైప్ చేసినప్పుడు స్ కింద ల ఒత్తుగా మారకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పడుతుంది. అది తెలుగు బ్లాక్‌లో లేదు, దాని నంబర్ 200సి. మీరు మినహాయించే మాట పొల్లుతో ముగిసేదైతే, బస్ అనుకోండి, "బస్‌కి" లో ఆ గుర్తు దగ్గరే మాట అయిపోయిందని ప్యాటర్న్ పొరబడుతుంది. పొల్లు మాటలతో పని ఉంటే చివరి బ్రాకెట్లలో ఆ గుర్తుని కూడా చేర్చండి. కొంతమంది టైప్ చేసిన దాంట్లో మాట మధ్యలో కూడా ఇది దూరి ఉంటుంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉండి ఒకటి మ్యాచ్ అయ్యి ఇంకోటి కాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

స్టెప్ 5: విభక్తులు, సంధులు

తెలుగులో పూర్తి మాట అంటే ఒక్క రూపమేనా? "పాలలో నీళ్లు", "పాల ప్యాకెట్", "పాలూ పెరుగూ", ఇవి పై ప్యాటర్న్‌కి చిక్కవు, ఎందుకంటే వీటిలో వేటిలోనూ "పాలు" అనే వరుసే లేదు. అవి కూడా పోవాలా వద్దా అనేది మీరు తేల్చుకోవాలి, టూల్ తేల్చదు. పోవాలంటే రూపాలన్నీ నిలువు గీతతో ఇవ్వండి:

^(?!.*(?<![ఁ-౯])(?:పాలు|పాలూ|పాల|పాలలో|పాలకి|పాలకు|పాలతో)(?![ఁ-౯])).*$

మాట చివర సరిహద్దు ఉంది కాబట్టి పాలకులు, పాలకోవా, పాలకొల్లు సురక్షితం. పాల(?:ు|ూ|లో) అని పొట్టిగా రాయొచ్చు కదా అని అనిపిస్తుంది, పని కూడా చేస్తుంది, కానీ విడి కొమ్ము స్క్రీన్ మీద చుక్కల వలయంతోనో పక్క గీతకి అతుక్కునో కనబడి చదవడానికి నరకం. పూర్తి మాటలే రాయండి, పొడవైతే అయ్యింది.

సంధి కలిసిన మాటలు ఇంకా జాగ్రత్త. "రద్దు" ఉన్న లైన్లు వద్దనుకున్నారు, ఫైల్లో "రద్దయింది" ఉంది, అందులో కొమ్ము ఎగిరిపోయింది కదా, సరిహద్దు లేకుండా వెతికినా దొరకదు. ఉన్న ఫైల్‌లో "రద్ద" అని ఒకసారి మామూలుగా వెతికి ఏయే రూపాలు వస్తున్నాయో చూసి ఆ తర్వాత లిస్ట్ రాసుకోవడం మేలు.

స్టెప్ 6: దీన్నే అటూ ఇటూ మార్చుకోవడం

ఒక మాట ఉండాలి, ఇంకోటి ఉండకూడదు అంటే రెండు లుక్‌అహెడ్‌లు పక్కపక్కనే. ఇక్కడ సరిహద్దులు తీసేసి చూపిస్తున్నా, మీరు పెట్టుకోండి:

^(?=.*లీటరు)(?!.*పాలు).*$

లైన్లు కాదు, మాటలే కావాలి, పాలు తప్ప మిగతా తెలుగు మాటలన్నీ ఏరాలి అంటే:

(?<![ఁ-౯])(?!పాలు(?![ఁ-౯]))[ఁ-౯]+

మాట మొదట్లో నిలబడి, ఇది సరిగ్గా పాలేనా అని చూసి, కాకపోతే మాట మొత్తం తీసుకుంటుంది. దీపాలు, పాలుపంచుకున్న రెండూ వస్తాయి. మొదటి లుక్‌బిహైండ్ తీసేశారో మళ్లీ "ాలు" ప్రత్యక్షం.

రెండు గుర్తుల మధ్య భాగంలో మాట రాకూడదు అనేది ఇంకాస్త కష్టం, కానీ నిజంగా లుక్‌అహెడ్ తప్ప తేలికైన దారి లేనిది ఇదే. బిల్లు అనే మాట నుంచి మొత్తం అనే మాట దాకా కావాలి, మధ్యలో పాలు ఉండకూడదు:

బిల్లు(?:(?!పాలు|బిల్లు).)*మొత్తం

ఇక్కడ తొంగి చూడటం ఒక్కసారి కాదు, అడుగడుగునా. ఒక్కో గుర్తు ముందుకి వెళ్లే ముందు ఎదురుగా పాలు ఉందా అని చూసుకుంటూ పోతుంది. లోపల బిల్లు కూడా ఎందుకు పెట్టానంటే, మొదటి బిల్లుకి మొత్తం అనేది రాయకుండా వదిలేసి ఉంటే ప్యాటర్న్ రెండో బిల్లులోకి చొరబడి రెండింటినీ కలిపి పట్టుకొస్తుంది. బిల్లు చాలా లైన్లలో ఉంటే చుక్క కొత్త లైన్‌ని కూడా పట్టేలా ఎస్ ఫ్లాగ్ పెట్టాలి, ఇందాక తీసేయమన్న టిక్ ఇక్కడ పెట్టుకోవాలన్నమాట.

స్టెప్ 7: లుక్‌అహెడ్ లేని చోట

గూగుల్ షీట్స్, గో భాష, ఇవి ఆర్‌ఈ2 రకం ఇంజిన్‌తో నడుస్తాయి, వాటిలో లుక్‌అహెడ్, లుక్‌బిహైండ్ రెండూ ఉండవు, ఎంత ప్రయత్నించినా ఎర్రరే. మీ తప్పేం లేదు, ఎలాంటి ప్యాటర్న్ ఇచ్చినా ఇంజిన్ ఎక్కువసేపు ఇరుక్కుపోకుండా ఉండటానికి కావాలనే వదిలేశారు. మామూలు గ్రెప్‌లో కూడా లేదు, దానికి మైనస్ తర్వాత పెద్ద పి ఇస్తే పెర్ల్ రకం వస్తుంది. విఎస్ కోడ్‌లో అయితే బెంగ లేదు, పనిచేస్తుంది.

షీట్స్‌లో స్టెప్ 1 కి తిరిగి వెళ్లడమే: ఫిల్టర్ లోపల నాట్, దాని లోపల రెజెక్స్‌మ్యాచ్, ప్యాటర్న్ ఇది:

(?:^|[^ఁ-౯])పాలు(?:[^ఁ-౯]|$)

చూడటం బదులు పక్క గుర్తుని తినేస్తుంది, ఉందా లేదా అని అడగడానికే కాబట్టి తిన్నా నష్టం లేదు. కానీ ఇదే ప్యాటర్న్‌ని రీప్లేస్‌కి వాడితే మాటకి అటూ ఇటూ ఉన్న స్పేసులు కూడా మాయమవుతాయి, అప్పుడు ఆ రెండు బ్రాకెట్లలోంచి ?: తీసేసి గ్రూపులుగా మార్చి, రీప్లేస్ వైపు డాలర్ 1, డాలర్ 2 అని వాటిని తిరిగి పెట్టుకోవాలి.